ఆరని బనీను

ఆ ఉదయం హరితాచార్యుడి పథకం అతి నిరాడంబరమైనది. అందరూ చెట్ల కొమ్మల మధ్య కట్టిన తాళ్ళ వంతెన చూడటానికి వెళ్ళగానే, గది తలుపు గడియపెట్టుకుని తన బనీను ఆరబెట్టుకోవాలి. మహాయుద్ధాలు కూడా ఇటువంటి చిన్న కోరికలతోనే మొదలయ్యాయని చరిత్ర చదివినవారికి తెలుసు. ఆయన చదివింది అర్థశాస్త్రం.

హరితాచార్యుడన్నది కన్నవారు పెట్టిన పేరు కాదు. కళాశాలలో సహోద్యోగులు వెటకారానికి పెట్టారు. ఆయన బిరుదుగా స్వీకరించాడు. ప్లాస్టిక్ సంచితో కనబడిన విద్యార్థిని వరండా నడుమ నిలబెట్టి భూగోళం దుఃస్థితి వివరించేవాడు. సౌఖ్యాలు మనిషిని మెత్తబరిచాయని సభల్లో ఘోషించి, దిగి వస్తూనే మెత్తని కుర్చీ కోసం నలుదిక్కులా చూసేవాడు. ఈ ఏడాది ఆయన దృష్టి స్వగృహంలోని పడకగది ఏసీ మీద పడింది. దాన్ని పీకిస్తే తప్ప తన ఉపన్యాసాలకు నైతికబలం చేకూరదని తేల్చాడు.

"పొయ్యి దగ్గర ఉడికి ఉడికి వచ్చి ఆ గదిలో నడుం వాల్చేది నేను. నైతికబలం మాత్రం మీకా?" అంది భార్య.

చర్చ ముదిరి పందెంగా మారింది. ఏ సభలో చూసినా ఆయన వర్ణించే ఆ వర్షారణ్యంలో, ప్రకృతికి భారం కాని బస అని పేరుపడ్డ ఆ విడిదిలో, నాలుగు రోజులు దొంగచాటు సౌఖ్యమేదీ లేకుండా గడపాలి. గడిపితే పడకగది ఏసీ పోతుంది. దొరికిపోతే ఏసీ ఉంటుంది, ఇంట్లో ప్రకృతి అన్న మాట మళ్ళీ వినబడకూడదు. తీర్పరిగా ఆవిడ తమ్ముణ్ణి తోడు తీసుకెళ్ళారు. అతనిది ఏసీలు అమ్మే దుకాణం. నిష్పాక్షికతకు అంతకంటే దూరపు చుట్టం దొరకడు.

భూమికి భారం కాకుండా బతకడం నేర్చుకోవడానికి ముగ్గురూ విమానమెక్కి, జీపు మారి, పొగలు కక్కే మోటారు పడవలో నది దాటి అక్కడికి చేరారు. నారబట్టలు కట్టిన నిర్వాహకురాలు చేతులు జోడించి, "మీరు మా అతిథులు కారు సార్. అడవికి అతిథులు. మేమూ అంతే," అంది. అడవి తరఫున నియమాలు మాత్రం ఆమే చదివింది. కరెంటు ఎండ నుంచి వస్తుంది గనక గదికి ఒక దీపం, ఒక బుల్లి ఫ్యాను. వేడిచేసే యంత్రమేదీ ముట్టించకూడదు. మరుగుదొడ్డిలో నీళ్ళకు బదులు రంపపుపొట్టు. ప్రతి నియమానికీ హరితాచార్యుడు, ఇంకా కఠినంగా ఉంటుందనుకున్నానే అన్నట్టు తలాడించాడు.

ఆ అడవిలో ఏదీ ఆరదన్న సంగతిని ఆయన ఏ ఉపన్యాసంలోనూ చెప్పి ఉండలేదు. ఉతికిన బనీను ఉతికినట్టే ఉంది. ఉతకని బనీను కూడా ఉతికినట్టే ఉంది. తువ్వాలుతో ఒళ్ళు తుడుచుకుంటే ఒళ్ళే తువ్వాలును తడిపేసేది. రెండోరోజుకు చెప్పుల మీద పచ్చని నాచు మొలిచింది. జీవితంలో తొలిసారి ఆయనకు పచ్చదనం మీద విరక్తి కలిగింది.

అయితే ఆయన ముందుచూపు లేనివాడు కాడు. పెట్టె అడుగున, తువ్వాలులో చుట్టి, భార్య హెయిర్‌డ్రయర్ తెచ్చుకున్నాడు. తల మీద ఒక్క వెంట్రుక కూడా లేని మనిషి దగ్గర అటువంటి వస్తువు ఉంటుందని పగవాడు కూడా ఊహించడు. బోడిగుండుకూ మోకాలికీ ముడి వేసే లోకమైనా, బోడిగుండుకూ డ్రయర్‌కూ ముడి వేయలేదని ఆయన నమ్మకం.

ఆ యంత్రం ఎప్పుడో కిందపడి గొంతు పాడుచేసుకుంది. మీట నొక్కగానే ముందు కట్ కట్ మని దగ్గేది, తరవాత గుర్రుమనేది, చివర కూయ్ మని ఏడ్చి ఆగేది. ఆ రెండోరోజు ఉదయం దగ్గింది, గుర్రుమంది. వెచ్చని గాలికి బనీను పొట్టభాగం ఆరడం మొదలైంది. హరితాచార్యుడు "అబ్బ!" అని కళ్ళు మూసుకున్నాడు. కూయ్ మంటూ డ్రయర్ ఆగింది. దానితోపాటు ఫ్యాను ఆగింది, వంటశాలలో ఫ్రిజ్ ఆగింది, నీటి మోటారు ఆగింది. పక్కగదిలోంచి ఆర్తనాదం వినవచ్చింది.

"బావగారూ! నీళ్ళాగిపోయాయి!"

బావమరిది తాళ్ళ వంతెనకు వెళ్ళలేదు. ఎత్తులంటే భయమని చెప్పుకోలేక కడుపునొప్పి నటించి ఉండిపోయాడు. తల నిండా సబ్బు నురగతో, నడుముకు తువ్వాలుతో పరుగున వచ్చి తలుపు బాదాడు. డ్రయర్ దిండు కిందికి వెళ్ళింది, తలుపు తెరుచుకుంది.

"మీ గదిలో ఏదో అరిచింది బావగారూ."

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు హరితాచార్యుడు దిండు తడుముకున్నాడు. "అరిచిందా? ఆ... అరిచింది. జంతువు. కిటికీలోంచి తొంగిచూసి పోయింది."

"ఏ జంతువు?"

"నాకేమన్నా చీటీ ఇచ్చిపోయిందా, ఫలానా అని? ముందు ఆ సబ్బు కడుక్కోవయ్యా!"

"దేంతో కడుక్కోను?"

ఇంతలో నిర్వాహకురాలు వచ్చింది. కరెంటు ఎక్కువ లాగి మొత్తం పడిపోయిందనీ, ఏ గదిలో ఏం పెట్టారో ఒక్కొక్కటిగా చూడాలనీ అంది. హరితాచార్యుడు వెళ్ళి దిండుకు అడ్డంగా నిలబడ్డాడు. ఏసీ ఉండిపోతుంది, అది సరే. ఇంట్లో ప్రకృతి అన్న మాట నోట రాకపోతే తాను ఇక మాట్లాడగలిగింది ఏముంది?

"గదులు చూడటమెందుకమ్మా? ఆ జంతువే తీగ కొరికింది. నా కళ్ళారా చూశాను!"

నిర్వాహకురాలి ముఖం వికసించింది. వన్యమృగాల సన్నిధి అని చెప్పుకునే ఆ విడిదిలో జలగను మించిన జంతువేదీ ఇంతవరకు అతిథులకు దర్శనమివ్వలేదు. ఆమె కరెంటు సంగతి మరిచి, పరిశోధకుడికోసం కేకవేసింది. అతను అడవి శబ్దాలను రికార్డు చేసే సన్నటి మనిషి. చెట్టుకొకటి చొప్పున మైకులు కట్టి నెలల తరబడి అక్కడే ఉంటున్నాడు. అతను రొప్పుతూ వచ్చాడు.

"పడింది సార్! నా మైకులో పడింది! ఇలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎలా ఉంది? చెప్పండి, ఎలా ఉంది?"

అబద్ధానికి కల్పనాశక్తి కావాలి. హరితాచార్యుడి వద్ద ఉన్నవి ఇతరుల వాక్యాలే. అందుచేత చూసిందే చెప్పాడు. "నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. పొట్టి మెడ. గుండ్రటి నోరు."

"పళ్ళు?"

"నోటికి అడ్డంగా... జల్లెడలాగా. లోపల ఎర్రగా మెరిసింది. ఊపిరి వేడిగా తగిలింది."

"తోక?"

"సన్నంగా, చాలా పొడుగ్గా. గోడవైపుకు వేలాడింది."

పరిశోధకుడు కళ్ళొత్తుకున్నాడు. చదువుకున్నవాడు తనకు కావలసిన మాట వింటున్నప్పుడు పామరుడికి ఉండే అనుమానం కూడా మిగలదు. ఈ జీవి శాస్త్రానికి కొత్తదనీ, దీనికి ఆచార్యులవారి పేరే పెడతాననీ ప్రకటించాడు. వంతెన చూసి తిరిగొస్తున్న అతిథులు చుట్టూ మూగారు. వారిలో భార్య కూడా ఉంది. తడిసిన జడ ముందుకు వేసుకుని, తల పక్కకు వంచి, వర్ణన మొదటినుంచి మళ్ళీ చెప్పించుకుంది.

"తోక చివర గోళ్ళలాంటివేమైనా ఉన్నాయాండీ?" అని అడిగింది.

"తోకకు గోళ్ళా!" పరిశోధకుడు పులకించిపోయాడు. "అమ్మా, ఎంత గొప్ప ప్రశ్న!"

"చీకట్లో... సరిగ్గా చూడలేదు," అన్నాడు హరితాచార్యుడు.

"పొద్దున కదండీ?"

"అడవిలో పొద్దున కూడా చీకటేనోయ్!"

"అవునవును," అంది ఆవిడ మెల్లగా.

అడుసు తొక్కినవాడికి కాలు కడుక్కునే నీళ్ళు కూడా కరువైన సందర్భమిది. మృగానికి వెలుతురు, యంత్రాల మోత గిట్టకపోవచ్చని నిర్వాహకురాలు కరెంటు బాగుచేయించడమే మానేసింది. సబ్బు వాసనకు బెదురుతుందని స్నానాలు నిషేధించింది. భార్యనూ బావమరిదినీ వంటశాల పైనున్న వెచ్చని అటకకు మార్చి, మృగం నమ్మిన మనిషి గనక హరితాచార్యుణ్ణి ఒక్కణ్ణే ఆ గదిలో ఉంచింది. కిటికీ తలుపులు ఊడదీయించింది. వాన జల్లు సరాసరి మంచం మీదికి వచ్చేది. దోమలకు దారి అడిగే పని తప్పింది. డ్రయర్ దిండు కింద ఉంది, బనీను ఒంటి మీద ఉంది, రెండింటి నడుమ కరెంటు లేదు.

అది చాలక, ఆ అరుపును ఉన్నదున్నట్టు అనుకరించగలిగినవాడు ఆయనొక్కడేనని పరిశోధకుడు కనిపెట్టాడు. రోజూ పొద్దునా సాయంత్రం విడిదంతా పొదల వెనక నక్కి చూస్తుండగా, అర్థశాస్త్ర ఆచార్యుడు కిటికీలో నిలబడి కట్ కట్ మని దగ్గి, గుర్రుమని, కూయ్ మనేవాడు. మృగం రాలేదు. జలుబు వచ్చింది. దానితో అనుకరణ ఇంకా మెరుగుపడింది.

చివరి సాయంత్రం భోజనశాలలో పరిశోధకుడు రికార్డు వినిపించాడు. కట్ కట్. గుర్ర్ర్. "అబ్బ!" కూయ్. "విన్నారా? ఆ 'అబ్బ' సారుది. తొలిసారి చూసిన క్షణం!" అని గద్గదంగా అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. హరితాచార్యుడు భార్య ముఖంలోకి చూడలేక పళ్ళెంలోకి చూశాడు. ఆ మొరాయించే మీటను ఏళ్ళ తరబడి రోజూ నొక్కిన చెయ్యి ఆవిడది. కాళ్ళు పట్టుకుందామన్నా నలుగురి ఎదుట వీలుపడేట్టు లేదు.

"అక్కా, ఇక తీర్పు చెప్పెయ్యనా?" అన్నాడు బావమరిది. ఇన్నాళ్ళూ స్నానం లేక అతని తలలో సబ్బు అట్టకట్టింది. "నాకెందుకో ఈ జంతువు మీద..."

"నువ్వుండరా!" ఆవిడ లేచి నిలబడింది. "అంతటి మృగం ఊపిరి తగిలినా గది వదలని మనిషి. ఆయనే గెలిచారు. నేనిచ్చిన మాట మాటే. ఇంటికెళ్ళిన రోజే ఏసీ ఊడదీసెయ్."

హరితాచార్యుడి ప్రాణం లేచి వచ్చింది. దారి పొడుగునా, పడవలోనూ జీపులోనూ విమానంలోనూ, సత్యం అంతిమంగా జయిస్తుందని వారిద్దరికీ బోధించాడు. ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టింది.

బావమరిది అన్నమాట ప్రకారం పడకగది ఏసీ ఊడదీశాడు. తీసినదాన్ని నేరుగా పెరటివైపు కుట్టుమిషను గదిలో బిగించాడు.

"ఇదేమిటోయ్?" అన్నాడు హరితాచార్యుడు.

"పందెం పడకగది ఏసీ గురించే కదండీ! అది పోయింది. ఇది కుట్టుగది ఏసీ," అని ఆవిడ దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని లోపలికెళ్ళి గడియ వేసుకుంది. "లోపలికి మాత్రం రాకండి. మీ నైతికబలం చెడుతుంది!"

ఎండలు ముదిరాయి. మృగాన్ని చూసిన మహనీయుడిగా హరితాచార్యుడికి సభల మీద సభలు వచ్చాయి. ప్రతి సభ చివరా జనం అరుపు వినిపించమని అడిగేవారు. ఒక మధ్యాహ్నం, అడవిలో ఆరని బనీను ఇక్కడ చెమటకు ఆరక, పడకగదిలో ఒంటరిగా విసనకర్రతో విసురుకుంటుండగా తలుపు తెరుచుకుంది. కుట్టుగది చల్లదనం ఒక్క క్షణం ఆయన మోకాళ్ళను తాకి పోయింది. భార్య తువ్వాలు చుట్టిన పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీ మృగం. పెట్టె అడుగున దొరికింది. తోకకు గోళ్ళున్నాయి, నేను చూశాను," అని చెప్పి వెళ్ళిపోయింది.

గడియ పడిన చప్పుడు విని, హరితాచార్యుడు తువ్వాలు విప్పి, ఆ యంత్రాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

దానికి చల్లగాలి మీట లేదు.