నాపరాళ్ల చెలమ

ఒక పెద్ద అడవిలో ఒక వాగు ఉండేది. వానాకాలంలో ఎంత హడావిడి చేసినా, శివరాత్రి వెళ్లేసరికి ఇసుక మాత్రం మిగిల్చి మాయమయ్యేది. అప్పటినుంచి తొలకరి దాకా అడవికంతటికీ ఆ ఇసుకలో తవ్వుకున్న చెలమే దిక్కు.

ఆ చెలమకొక ఆనవాయితీ ఉంది. తెల్లవారి ముందుగా ఎవరొస్తే వాళ్లు, నిలవ నీళ్లు మూడుసార్లు తోడి పారబోసి, గంగమ్మను తలుచుకుని, ఆ తరవాతే మూతి పెట్టాలి. ముసలి దుప్పి నాంచారమ్మకు ఈ సంగతి వాళ్ల అత్తగారు చెప్పింది. ఆవిడకు ఆవిడ అత్తగారు చెప్పిందట. "తోడితేనే కదమ్మా ఊరేది" అనేదావిడ.

ఆ ఏడు నాంచారమ్మకు నీళ్ల బెంగ ఎక్కువగా ఉంది. కోడలు మంగ ఈని పదిరోజులు. తల్లి కడుపులో నీళ్లు పడితేనే బిడ్డకు పాలు.

సరిగ్గా అప్పుడే అడవి పంచాయతీ అధ్యక్షుడు ఎలుగుబంటి భద్రయ్య సభ పెట్టాడు. పక్కనున్న దుమ్ములగొండి దామోదరాన్ని చూపించి, "వీరు పక్క అడవిలో మూడు చెలమలు అభివృద్ధి చేశారు. ఇకమీదట మన చెలమను పంచాయతీ, వీరి సంస్థ కలిసి చూసుకుంటాయి. దీన్ని భాగస్వామ్యం అంటారు" అన్నాడు.

"ఆ మూడు చెలమలూ ఇప్పుడెలా ఉన్నాయండీ?" అంది ఒక ఉడుత.

"అభివృద్ధి అయిపోయాయి" అన్నాడు దామోదరం.

గుమస్తా కొండముచ్చు చిదంబరం ఒప్పందం చదివాడు. పంచాయతీ వాటా చెలమ, ఇసుక, వాగు. ప్రజల వాటా తవ్వడం, మొయ్యడం. సంస్థ వాటా అనుభవం, ఒక బోర్డు.

"బోర్డు పెద్దదేనా?" అన్నాడు భద్రయ్య. ఆయనకున్న అనుమానం అదొక్కటే.

"తమరి పేరు పైన, నా పేరు కింద. దూరాన్నుంచి కూడా కనబడుతుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాటినుంచి పందులు తవ్వాయి, కోతులు నాపరాళ్లు మోశాయి. చెలమ అడుగునా చుట్టూ రాళ్లు పరిచి, సందుల్లో బంకమట్టి మెత్తారు.

నాంచారమ్మ మెల్లగా గుమస్తా దగ్గరికెళ్లింది. "నాయనా చిదంబరం, అడుగున రాళ్లెందుకు?"

"ఒక్క చుక్క కూడా కిందికి ఇంకిపోకుండా, అవ్వా."

"నీళ్లొచ్చేదీ ఆ కిందనుంచే కదా."

చిదంబరం కాగితాలన్నీ తిరగేశాడు. "వచ్చే దారి సంగతి ఒప్పందంలో లేదవ్వా. పోయే దారి సంగతే ఉంది."

ప్రారంభోత్సవానికి ఏనుగులు కొండమీది గుంటలో మిగిలిన ఆఖరి నీళ్లు తొండాలతో తెచ్చి చెలమ నింపాయి. నీళ్లు రాళ్లమీద తళతళలాడాయి. చుట్టూ ముళ్లకంచె, ముందు బోర్డు. రోజుకు తలకొక గుక్కెడు అన్నారు.

నాంచారమ్మ అలవాటుగా కాలు ముందుకు చాపింది. దామోదరం అడ్డమొచ్చాడు. "తోడకూడదవ్వా. వృథా."

"వృథా కాదయ్యా, వెనకొచ్చేవాళ్ల కోసం."

"మేం దాస్తున్నదీ వాళ్ల కోసమే."

నాలుగోరోజుకు నీళ్లమీద పచ్చటి పాచి కట్టింది. ఆరోరోజుకు అడుగున రాళ్లు తప్ప ఏమీ లేవు. మంగ పొదుగు వాడిపోయింది. కూన రాత్రంతా కుమ్మి కుమ్మి, చివరికి ఏడవడం కూడా మానేసింది.

కంచె దగ్గర పెద్దలు వాదించుకుంటున్నారు.

"నీళ్లేవయ్యా?" అన్నాడు భద్రయ్య.

"నీళ్లు నా వాటాలో లేవండి. వాగు తమరి వాటా" అన్నాడు దామోదరం.

"అవునండి, మూడో పేరాలో ఉంది" అన్నాడు చిదంబరం.

నాంచారమ్మ అక్కడ నిలబడలేదు. పెద్దకరువులో అత్తగారు వాగు వంపులో, నేరేడు వేళ్ల పక్కన తవ్విందని కాపురానికొచ్చిన కొత్తలో విన్నది గుర్తొచ్చింది. "గంగమ్మ తల్లీ, బిడ్డకోసం" అనుకుని ముసలి డెక్కతో గీకడం మొదలుపెట్టింది. మోకాటిలోతున ఇసుక చల్లబడింది. ఇంకాస్త గీకితే చెమ్మ. ఆ తరవాత కంటిలో నీరు తిరిగినట్టు మెల్లగా ఊరింది.

మూడుసార్లు తోడి పోసింది. నాలుగోసారి తేట నీళ్లు. మంగ కడుపునిండా తాగింది. పొద్దెక్కేసరికి కూన మూతికి పాలనురగ అంటుకుంది.

కబురు తెలిసి అందరూ దిగారు. అందరికన్నా ముందు, నాలుక వేలాడేసుకుని భద్రయ్య.

"తోడండి బాబూ, తరవాత తాగుదురుగాని" అంది నాంచారమ్మ.

"నేను అధ్యక్షుణ్ని."

"అందుకే ముందొచ్చారు. ముందొచ్చినవాళ్లే తోడాలి."

భద్రయ్య తోడాడు. పదవిలోకొచ్చాక ఆయన చేసిన మొదటి పని అదే కావడంతో, అడవంతా నిలబడి చూసింది.

గొంతు తడిశాక ఆయనకు మాటొచ్చింది. "ఇది మన భాగస్వామ్యంలో రెండోదశ. బోర్డు తెప్పించండి."

దామోదరం అప్పటికే ఈడ్చుకొస్తున్నాడు.

"మంచిపని చేశావు నాయనా" అంది నాంచారమ్మ. "ఇలా వంచి పెట్టు. చంటిదానికి ఎండ తగులుతోంది."

బోర్డు ఇసుకవైపు బోర్లా ఒరిగింది. దాని నీడలో కూన హాయిగా నిద్రపోయింది.

"పేర్లు కనబడటం లేదే" అన్నాడు భద్రయ్య.

"అది లేచాక తిప్పుదురు లెండి" అంది నాంచారమ్మ, కూన చెవులమీద ఈగ తోలుతూ.

నీతి: చెలమ తవ్వినవాళ్లకు నీళ్లే దక్కుతాయి, పేరు కావాలంటే నాపరాళ్లు పరవాల్సిందే.