నాన్నకు వడ్డిస్తే కొడుక్కి అంబులెన్సు

కొరియాలో పెద్దలకు పెట్టుకునే చుసొక్ పండగ పొద్దున్న ఓక్ సంగ్‌మూన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పోయిన నాన్నకు పండగ భోజనం పెట్టాలి, దండాలు పెట్టాలి, ఆ తర్వాత అమ్మ కొసరి కొసరి వడ్డించే ప్రసాదాన్ని ఎలాగోలా తప్పించుకోవాలి. మధ్యాహ్నం బస్సుకి అమ్మ తన ఊరు యొంగ్‌చొన్ వెళ్ళిపోతే గండం గడిచినట్టే.

తప్పించుకోవడం దేనికంటే, అతని పొట్టలో ముప్పాతిక వంతు లేదు. రెండు నెలల కిందట తేగూలో డాక్టర్లు కోసి తీసేశారు. మిగిలింది టీకప్పంత. నూట ముప్ఫై నాలుగు కిలోల మనిషి నూట పన్నెండుకు దిగాడు. ఈ సంగతి భార్య మీరాన్‌కు తెలుసు, అమ్మకు తెలియదు. కొడుకు గిన్నె ఖాళీ అయితే తప్ప తనకు ముద్ద దిగని మనిషి అమ్మ మాల్‌సున్. "నా చేతి కూడు మానడానికి కత్తి కింద పడుకున్నావా?" అని ఆవిడ అడిగితే ఏం చెప్పాలో అతనికి పాలుపోవడం లేదు.

ఆపరేషన్‌తో పాటు ఆసుపత్రివాళ్ళు అతని చేతికో గడియారం, ఫోనుకో యాప్ తగిలించారు. తినబోయేదాన్ని యాప్‌తో ఫోటో తీస్తే, ఎంత తిండో అదే తేల్చి అక్కడి పంగ్ నర్సుకు పంపేస్తుంది. గడియారం నాడి చూస్తుంది, మనిషి కింద పడితే ఆవిడకే కబురంపుతుంది. ఎక్కడో తెర ముందు కూర్చున్న ఆ నర్సు, ఓ రోజు ఇతను రెండు గుటకల నీళ్ళు తక్కువ తాగాడని ఫోన్ చేసి మరీ తాగించింది. కన్నతల్లి కూడా ఇంతగా కనిపెట్టుకుని ఉండదని అతనికి ఓసారి అనిపించింది. వెంటనే లెంపలేసుకున్నాడు.

బల్ల నిండింది. చేమదుంపల పులుసు, అర్ధచంద్రాకారపు బియ్యప్పిండి ఉండలు, అట్లు, బేరిపళ్ళు, నాన్నకు ప్రాణమైన సొరచేప ముక్కలు. వెనక, కుర్చీలో దర్జాగా కూర్చున్న నాన్న ఫోటో.

"ఒరే, దీన్ని ఫోటో తీసి పెట్టు. మీ ఆవిడ వచ్చే ఏడు తూర్పున పెట్టాల్సిన చేపను పడమటి పక్కన పెట్టకుండా ఉంటుంది."

"అత్తయ్యా, అది ఒక్కసారే జరిగింది!"

"ఒక్కసారి చాలదూ? ఆయన అలిగి వెళ్ళిపోయాడేమో ఎవరికెరుక! తొమ్మిదేళ్ళుగా పెడుతున్నాను. తిన్నాడో లేదో నాకు ఒక్కరు చెప్పిన పాపాన పోలేదు."

సంగ్‌మూన్ ఫోటో తీశాడు. రెండు నెలలుగా అలవాటుపడ్డ వేలు యాప్ మీదికే పోయిందని అతను గమనించలేదు. ఫోన్ నోరు నొక్కి సొరుగులో పడేశాడు. ఆపైన నుదురు నేలకు తాకేలా నాలుగుసార్లు సాగిలపడి లేచాడు. ఒళ్ళంతా చెమట, గుండె దడదడ.

నాన్న ప్రశాంతంగా తినాలి కదా. వీధి తలుపు ఆయన కోసం ఓరగా తెరిచి ఉంచి, ముగ్గురూ వంటింట్లోకి వెళ్ళి తలలు వంచుకుని నిలబడ్డారు. తొమ్మిది ముద్దలు తినేంతసేపు మాట్లాడకూడదు. ఇంతలో ముందుగదిలో అడుగుల చప్పుడు.

మాల్‌సున్ కొడుకు జబ్బ పట్టుకుంది. "వచ్చాడ్రా!"

వచ్చింది అంబులెన్సువాళ్ళు. ఇద్దరు, ఒక స్ట్రెచరు.

"ఇదంతా తిన్నదెవరు?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన, తన ఫోన్‌లో ఆ బల్లనే చూపిస్తూ.

"మా ఆయన," అంది మాల్‌సున్.

"ఎక్కడున్నారు?"

"అదిగో, కుర్చీలో."

పెద్దాయన కుర్చీలోని మనిషి ఫోటోకేసి చూశాడు, టోపీ తీశాడు. ఈలోగా ఆయన ఫోన్‌లోంచి పంగ్ నర్సు గొంతు. "సంగ్‌మూన్ గారూ, బతికే ఉన్నారా? పొట్ట తీయించుకుని రెండు నెలలే అయింది, ఆరువేల నాలుగు వందల కేలరీలు ఎలా తిన్నారండీ? పైగా నాలుగుసార్లు పడిపోయారు!"

"పడలేదండీ... దండం పెట్టాను."

మాల్‌సున్ కొడుకువైపు తిరిగింది. "పొట్ట తీయించుకున్నావా?"

సంగ్‌మూన్ అమ్మ ముందు మోకరిల్లాడు. "నాన్నలాగే యాభై మూడుకే పోతానేమోనని భయమేసిందమ్మా. నీకు చెప్పడానికి ఇంకా భయమేసింది."

ఆవిడ పెద్దాయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏమ్మా, ఇక్కడున్నది తిన్నట్టు నీకెలా తెలిసింది?"

"మా తెర మీద పడిందండీ. మొత్తం తిన్నట్టే ఉంది."

"మొత్తం?"

"మొత్తం."

"సొరచేప కూడానా?"

"ఆరు ముక్కలూనండీ."

మాల్‌సున్ గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది. ఫోన్‌ను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఇన్నేళ్ళకు ఒక మనిషి కళ్ళారా చూసి చెప్పింది! సంగ్‌మూన్ అసలు సంగతి చెప్పబోయాడు. మీరాన్ తొడపాశం పెట్టింది.

కాసేపటికి మాల్‌సున్ లేచి, నాన్నకు సారా పోసే బొటనవేలంత గిన్నెలోకి చేమదుంపల పులుసు వంచింది. "నర్సమ్మా, ఇంత వాడి పొట్టలో పడుతుందా?"

"నెమ్మదిగా తాగితే పడుతుంది, మామ్మగారూ."

"తాగరా. నేను చూస్తాను, ఆ పిల్లా చూస్తుంది." ఆవిడ గిన్నెను కొడుకు చేతిలో పెట్టింది. "మీ నాన్నకూ ఇలా చూసేవాళ్ళుంటే ఎంత బాగుండేది!"

అతను మూడు గుటకల్లో తాగాడు. చేతి గడియారం గిజగిజలాడింది. పైకి చదివాడు: "భోజనం ఎక్కువైంది. నలభై నిమిషాలు నడవండి."

మాల్‌సున్ ఫోటో వైపు తిరిగింది. "విన్నావా? ఎన్నడూ నా మాట వినలేదు. ఆసుపత్రివాళ్ళ మాటైనా విని లే!"

ఆయన ఎప్పటిలాగే కుర్చీలోంచి కదల్లేదు.