తీసి ఇవ్వండి

కొత్త కంప్యూటర్ కొనాలని ఆ ఉదయం నిర్ణయించింది స్టూడియో ఆయన కాదు, ఆయన భార్య. పాతదాంట్లో ఒక్క ఫొటో తెరుచుకునేలోగా ఆవిడ బకెట్టెడు బట్టలు ఉతికి ఆరేసి వచ్చేది.

"ఏమండీ, కొట్లోవాళ్ళు చెప్పినదానికల్లా తలూపి రాకండి. మన ఫొటో ఒకటి పట్టుకెళ్ళి, అన్నింట్లోనూ అదే పెట్టి చూడండి. ఏది బాగా కనిపిస్తే అదే తీసుకోండి," అంది.

"ఇరవై ఏళ్ళ నుంచి ఇదే పని. నాకు చెప్తావా?" అంటూనే ఆయన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

అందులో ఉన్నది సాయంత్రం టీచరమ్మకు ఇవ్వాల్సిన గ్రూప్ ఫొటో. కుర్చీలో ముసలి తల్లి, చుట్టూ పిల్లలు, మనవలు, వెనక నల్లటి తెర. ఫొటో తీసిన మర్నాడు టీచరమ్మ ఫోన్ చేసి, "అందులోంచి మా తమ్ముణ్ణి తీసి ఇవ్వండి," అంది. ఎందుకని ఆయన అడగలేదు. ఇళ్ళలో గొడవలు సవాలక్ష ఉంటాయి. కోర్టుకెక్కిన అల్లుళ్ళను, తగువుపడ్డ తోడల్లుళ్ళను, అలిగిన ఆడపడుచులను ఎందరినో ఆయన ఫొటోల్లోంచి మాయం చేశాడు. స్టూడియో భాషలో దాన్ని 'లేపేయడం' అంటారు. తమ్ముడి మీద కూడా ఆ పాత తెరలో కనపడనంతవరకూ నలుపు పూసి లేపేశాడు. కంప్యూటర్‌లో చోటు చాలక అసలు ఫొటో మీదే సేవ్ చేశాడు. కెమెరా కార్డు కూడా తుడిచేశాడు.

కంప్యూటర్ల కొట్టు మేడమీద ఉంది. కిటికీలు లేని పొడవాటి హాలు. వరసగా పెట్టిన మానిటర్లన్నీ ఎవరూ లేకుండానే వెలుగుతున్నాయి. ఏసీ చలికి ఒళ్ళు జలదరించింది.

ఆ రోజే పనిలో చేరిన కౌంటర్ ఆవిడ లేచి వచ్చింది. "దేనికండీ కంప్యూటర్?"

"ఫొటోలు ఎడిట్ చేసుకోవడానికి."

"అయితే ర్యామ్ ఎంతుందో తర్వాత చూద్దాం, ముందు మానిటర్ చూడండి. చీకట్లో ఏముందో కూడా మంచి మానిటర్ చూపించేస్తుందండీ."

మొదటిదాంట్లో ఫొటో లక్షణంగా ఉంది. రెండోదాంట్లో ముసలావిడ వెనక బూడిదరంగు మరక కనిపించింది. దుమ్మనుకుని చేతిరుమాలుతో తుడిచాడు. పోలేదు. మూడోదాంట్లో ఆ మరకకు భుజాలు వచ్చాయి, తల వచ్చింది. అక్కడితో ఆగి ఇంటికి వెళ్ళిపోవాల్సింది, కానీ భార్య అన్నింట్లోనూ చూడమంది కదా.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. అందులో కళ్ళద్దాల మనిషి ఒకడు మంచులోంచి వస్తున్నట్టు మసకమసగ్గా నిలబడి, సూటిగా ఆయన్నే చూస్తున్నాడు. ముసలావిడ భుజం మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి.

"వెనకాల చీకట్లో ఉన్న పెద్దమనిషి కూడా కనిపిస్తున్నారు చూడండి," అంది కౌంటర్ ఆవిడ ముచ్చటగా.

"ఆయన లేడమ్మా," అన్నాడు స్టూడియో ఆయన పీలగా.

"అయ్యో! ఎప్పుడు పోయారు?"

"పోలేదు. నేనే లేపేశాను. పోయిన మంగళవారం."

ఆవిడ చెయ్యి మౌస్ మీద నుంచి జారింది. "మీరా?"

"వాళ్ళక్కే చెప్పిందమ్మా. తల దగ్గర మొదలుపెట్టి కిందిదాకా శుభ్రంగా లేపేశాను. ఈ చెయ్యి ఎలా మిగిలిందో తెలియడం లేదు."

"మా సారుని పిలుచుకొస్తానండీ," అని ఆవిడ వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం దాటాక పరుగెత్తింది.

ఇక ఆ మొహాన్ని చూడలేక ఆయన మానిటర్ ఆపేశాడు. తెర నల్లబడింది. మొహం మాత్రం అలాగే ఉంది. అవే కళ్ళద్దాలు. అది కళ్ళార్పింది.

"నన్నెందుకు లేపేశారండీ?" అంది.

స్టూడియో ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. మానిటర్‌కే దణ్ణం పెట్టాడు. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది. వెనక నిలబడి ఉన్నాడు కొట్టు యజమాని, టీచరమ్మ తమ్ముడు. కౌంటర్ ఆవిడ చెప్పింది విని వస్తూ, తెర ఆరకముందే గుమ్మంలోంచి తన ఫొటో చూసుకున్నాడు. నల్లటి తెరలో కనిపించింది అతని నీడే.

యజమాని మానిటర్ మళ్ళీ వెలిగించి చాలాసేపు ఫొటో చూశాడు. "ఎనిమిదేళ్ళ తర్వాత ఆ ఇంట్లో అడుగుపెట్టానండీ. అమ్మ పిలిచిందని. ఫొటోలో కూడా వద్దన్నారా?" అన్నాడు. అక్కకు ఫోన్ చేశాడు. "నన్ను ఫొటోలోంచి తీసేయమన్నావా, అక్కా?"

"తీసేయమనడం ఏమిట్రా, బుద్ధిలేకుండా? నిన్ను విడిగా తీసి ఇమ్మన్నా. అమ్మ దిండు పక్కన పెట్టుకుంటుందట. ఫొటో వచ్చిందా, వచ్చిందా అని పొద్దుట్నుంచీ ప్రాణం తోడేస్తోంది."

యజమాని ఫోన్ చేతిలో ఉండగానే ఏడ్చేశాడు. స్టూడియో ఆయనకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అసలు ఫొటో ఇంకెక్కడా లేదు. ఉన్నదల్లా ఈ మసక మనిషే. మౌస్ అందుకుని నీడల్ని వెలుగులోకి లాగడం మొదలుపెట్టాడు. నలుపు కొంచెం కొంచెంగా విడిపోయింది. నుదురు వచ్చింది, నవ్వు వచ్చింది. తల్లి భుజం మీది వేళ్ళకు మణికట్టు, మోచెయ్యి వచ్చి కలిశాయి. తన పనితనం ఇంత అధ్వాన్నమైనందుకు ఆయన జీవితంలో మొదటిసారి సంతోషించాడు.

తల్లికి ఇవ్వాల్సిన ఫొటో అక్కడే తయారైంది. యజమాని కళ్ళు తుడుచుకుని, "ఇంత మంచి మానిటర్ మీకు ఇంకెక్కడా దొరకదండీ. ఇదే కట్టించమంటారా?" అన్నాడు.

స్టూడియో ఆయన ఇరవై ఏళ్ళ ఆల్బమ్‌లను, వాటిలో చీకట్లో నిలబడి ఎదురుచూస్తున్న అల్లుళ్ళను, తోడల్లుళ్ళను, ఆడపడుచులను ఒక్కసారి తలచుకున్నాడు.

"వద్దండీ," అన్నాడు. "ఆ మొదటిది ఇప్పించండి."