రెండు గుంతల నడుమ బంతి

శనివారం పొద్దుటికి షెకీనా వేసుకున్న పథకంలో ఎవరూ చచ్చిపోయే పని లేదు. చీకటి విడగానే లేవడం, డాడీ లేచేలోగా సమాధుల తోట వెనక మూల ఖాళీ జాగాలో కాసేపు బంతి విసరడం, నేల మీది సున్నం గీతలు కాలితో చెరిపేసి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చి టీ తాగడం, అంతే. ఆ తర్వాత బడికెళ్తే, జిల్లా బేస్‌బాల్ పోటీలకు బంతి విసిరే పిల్లను, అంటే పిచర్‌ను, ఆటల మాస్టారు దుర్గేష్ సార్ ఇవాళే ఎంచుతాడు.

పదో తరగతి చదివే షెకీనా చెయ్యి విసిరిందంటే బంతి కంటికి ఆనదు. చిక్కల్లా అది ఎటు పోతుందన్నదే. ఆమధ్య ఒక బంతి ప్రిన్సిపల్ గారి కారు అద్దాన్ని పలకరించింది. ఇంకొకటి స్నేహితురాలు ఊర్మిళ మోచేతిని వాచేలా చేసింది. "నీ స్పీడ్‌కి ఢోకా లేదు గానీ కంట్రోలే లేదు," అన్నాడు దుర్గేష్ సార్. "నీ ముంగట బ్యాట్ పట్టుకొని నిలబడనీకి పిల్లలు భయపడుతున్రు. వాళ్ళు నిలబడే డబ్బాలు రెండు దిక్కుల గీసుకో. వాటిల్లకు బాల్ పోవద్దు. నడిమిట్ల నుంచే పోవాలె."

ఇంట్లో ఇంకో గొడవ. తండ్రి జెరెమియా కారు అద్దం సంగతి విన్న రోజునే తీర్పు చెప్పేశాడు. "ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందా, నీ గ్లవ్ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేస్తాను. పరీక్షలయ్యేదాకా ఆట మాట ఎత్తకూడదు." జెరెమియా మాట అంటే మాటే. ఆ గ్లవ్ లేకపోతే తనకు బతుకే లేదని షెకీనాకు అనిపించేది.

అందుకే శుక్రవారం సాయంత్రం వసారాలో ఉన్న సున్నం డబ్బా ఎత్తుకెళ్ళి, ఆ ఖాళీ జాగాలో సార్ చెప్పినట్టే గీసింది. నడుమ చిన్న ఇంటి బొమ్మలా అయిదు మూలల పలక. దానికి అటొకటి, ఇటొకటి, మనిషి పొడవు డబ్బాలు. గీతలు ఎంత తిన్నగా వచ్చాయో చూసుకుని మురిసిపోయింది కూడా.

ఆ సున్నం డబ్బా ఎవరిదో, ఎందుకుందో మాత్రం పిల్ల ఆలోచించలేదు. బొల్లారంలోని చర్చి సమాధుల తోటకు జెరెమియాయే సెక్రటరీ. ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్తే, ఆయన ఆ సున్నంతోనే నేల మీద చోటు గీస్తాడు. గీత కనిపిస్తే తుకారాం తవ్వుతాడు. భుజాన పార వేసుకుని దుఃఖంలో ఉన్నవాళ్ళను 'ఎవరు పోయారు' అని అడగడం మర్యాద కాదని తుకారాం నమ్మకం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడిగినవాడు కాదు.

పొద్దున్నే షెకీనా, ఊర్మిళ గేటు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి తోట నిండా పొగమంచు. సిలువలు నడుముల దాకా మునిగి, పైన చేతులు మాత్రమే చాచుకుని ఉన్నాయి. పక్షి కూత లేదు. పచ్చి మట్టి వాసన కొడుతోంది. షెకీనా నాలుగడుగులు వేసి ఆగిపోయింది. తను గీసిన డబ్బాలు లేవు. వాటి చోట రెండు నల్లటి గోతులు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నడుమ తెల్లటి పలక మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇవి ఎవరికే?" అంది ఊర్మిళ గుసగుసగా.

ఒక గోతిలోంచి ముందు బీడీ పొగ, తర్వాత తుకారాం తల పైకి వచ్చాయి.

"ఇద్దరా బిడ్డా," అన్నాడు తుకారాం జాలిగా. "ఒక్కనాడే ఇద్దరు. ఎంత తక్లీఫ్ వచ్చె."

నిజం చెబితే ఫిర్యాదు. ఫిర్యాదైతే ట్రంకుపెట్టె. షెకీనా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి తుకారాం తల దించుకుని తిన్నగా చర్చికి వెళ్ళి చావు గంట కొట్టాడు. కాసేపాగి రెండో మనిషి కోసం మళ్ళీ కొట్టాడు.

మంచులో ఆ గంట మోత వీధి వీధికీ పాకింది. ఎవరి ఇంట్లో మనుషుల్ని వాళ్ళు తడిమి చూసుకున్నారు. కాప్రాలోని బంధువులకు ఫోన్లు వెళ్ళాయి. ఫోన్ ఎత్తనివాళ్ళ మీద అనుమానాలు పుట్టాయి. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా అని, షెకీనా కంటతడి సంగతి తుకారాం నోట విన్న పక్కింటి విజయమ్మ పెద్ద గిన్నెడు ఉప్మా చేసి జెరెమియా ఇంటికే పట్టుకొచ్చింది. బనియన్‌తో గుమ్మంలో నిలబడ్డ జెరెమియాను చూసి ఆమె ఘొల్లుమంది.

"ఊకో అన్నా. ధైర్యం తెచ్చుకో. ముందుగాల ఇంత తిను."

"ఎవరు పోయారు విజయమ్మా?"

"నువ్వే చెప్పాలె. గీసింది నువ్వే గదా."

జెరెమియా తోటలోకి పరుగెత్తాడు. అప్పటికే అక్కడ జనం గుమిగూడారు. గోతుల్ని చూశాడు. సున్నం తనదే. గీసింది తాను కాదు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను గీయలేదు," అన్నాడు మెల్లగా. "ఈ వారం ఎవరూ చనిపోలేదు."

అప్పుడు తుకారాం, ఎవరి వైపూ చూడకుండా, "తవ్వినంక గుంత ఉత్తగ ఉండదు సారూ. పిలుచుకుంటది," అన్నాడు. జనం తెలియకుండానే తలో అడుగు వెనక్కి వేశారు.

ఒక్క అబ్రహాం గారు మాత్రం వెనక్కి జరగలేదు. సంఘంలో అందరికంటే పెద్ద ఆయనే. గంట విని, ఎందుకైనా మంచిదని పెళ్ళినాటి సూటు వేసుకుని, భార్య మేబెల్ గారి చెయ్యి పట్టుకుని వచ్చాడు. గోతుల్ని లెక్కపెట్టి, తమనిద్దర్నీ లెక్కపెట్టుకున్నాడు.

"కుడివైపుది నాదే అయ్యుంటుంది," అన్నాడు.

"పెళ్ళిలోనూ కుడివైపు మీరే, ఇక్కడా మీరేనా?" అంది మేబెల్ గారు.

మాటైతే వేళాకోళంగానే అంది గానీ ఆయన చెయ్యి మాత్రం వదల్లేదు. అబ్రహాం గారు ఓ సమాధి మీద కూలబడి, ఛాతీ పట్టుకుని, గస పెడుతూ ఆఖరి పాట పాడమన్నాడు. ఇద్దరు ముగ్గురు సన్నగా ఎత్తుకున్నారు కూడా.

షెకీనా ఇక తట్టుకోలేకపోయింది. గ్లవ్ పోతే పోయింది, అబ్రహాం తాతయ్య పోతే ఎలా?

"డాడీ, నేనే గీశాను. అవి బేస్‌బాల్ డబ్బాలు."

పాట ఆగింది. "పిల్ల జడుసుకున్నది," అంది విజయమ్మ. "ఇసొంటి గీతలతోని ఏం ఆట ఉంటది?"

బడి మైదానానికి పిల్లలు రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చిన దుర్గేష్ సార్ ముందుకొచ్చాడు. గోతుల నడుమ పలకను చూసి, "కొలతలు కరెక్టే ఉన్నయ్," అన్నాడు. జెరెమియా కూతురి వైపు తిరిగి ఒకటే మాటన్నాడు. "విసిరి చూపించు."

ఊర్మిళ పలక వెనక మోకాళ్ళు మడిచి కూర్చుంది. షెకీనా దూరంగా వెళ్ళి నిలబడింది. బంతి కాస్త కుడికి జరిగితే అబ్రహాం తాతయ్య గొయ్యి, ఎడమకు జరిగితే మేబెల్ అమ్మమ్మ గొయ్యి. మంచులోంచి రెండు గొంతులు వినిపించాయి.

"నా వైపు వేయకు తల్లీ."

"నా వైపు అసలే వద్దమ్మా."

షెకీనా కళ్ళకు ఆ నల్లటి నోళ్ళు తప్ప ఇంకేమీ కనిపించలేదు. లోపలి నుంచి చల్లటి గాలి తన పాదాల దాకా వస్తున్నట్టుంది. ఊపిరి బిగబట్టి విసిరింది. బంతి గీత గీసినట్టు పలక మీదుగా పోయి ఊర్మిళ గ్లవ్‌లో ఠప్పున పడింది. మళ్ళీ విసిరింది. మళ్ళీ. వేగం ఇసుమంత తగ్గలేదు, బంతి వెంట్రుకవాసి పక్కకు జరగలేదు.

"ఇగ వేరే ట్రయల్ అవసరం లేదు," అన్నాడు దుర్గేష్ సార్. "పిచర్ నువ్వే."

సంతోషించడానికి షెకీనాకు వ్యవధి దొరకలేదు. జెరెమియా వచ్చి చెయ్యి చాచాడు. చావు గంట, ఉప్మా, పెళ్ళి సూటు, ఒక్క పూటలో ఇన్ని ఫిర్యాదులు ఎవరి పిల్ల మీదా వచ్చి ఉండవు. షెకీనా మారుమాట లేకుండా గ్లవ్ తీసి ఇచ్చేసింది. "తుకారాం, ఆ గోతులు పూడ్చెయ్," అన్నాడు ఆయన.

"పూడ్చకు," అన్నాడు అబ్రహాం గారు.

ఆయన గస ఎప్పుడు తగ్గిందో ఎవరూ చూడలేదు. లేచి వెళ్ళి కుడివైపు గోతిలోకి తొంగిచూస్తున్నాడు. "జెరెమియా, మా ఇద్దరికీ పక్కపక్కన చోటివ్వమని ఎన్నాళ్ళుగా అడుగుతున్నాను? తోట నిండిపోయింది, లేదు పొమ్మన్నావు. ఈ పిల్ల గీసి చూపించేదాకా ఈ మూల నీ కంటికి ఆనలేదు. ఇవి మావి. రాయి మూత వేసుకుంటే పిలవడాలూ గిలవడాలూ ఉండవు."

"ఎడమది నాకు బాగానే ఉంది," అంది మేబెల్ గారు, నేల ఎగుడుదిగుళ్ళు చూసుకుంటూ.

"మూతలు వచ్చేదాకా పిల్లను ఇక్కడే ఆడనివ్వు. ఆ గ్లవ్ ఇచ్చెయ్యి."

సంఘంలో అబ్రహాం గారి మాట కాదన్నవాడు లేడు. జెరెమియా గ్లవ్ వంకా గోతుల వంకా చూసి, గ్లవ్ కూతురి చేతిలో పెట్టి, ఉప్మా తినడానికి ఇంటికి వెళ్ళిపోయాడు.

రాయి కొట్టేవాడు రేపూ మాపూ అంటూ తిప్పుతున్నాడు. రోజూ పొద్దున మంచులో షెకీనా విసురుతూనే ఉంది. గోతుల గట్టున రెండు కుర్చీలు వేసుకుని, స్వెటర్లు తొడుక్కుని, ఆ ముసలి దంపతులు ఎవరి గొయ్యి వాళ్ళు కాపలా కాస్తున్నారు.

ఇంతవరకూ వాటిలో బంతీ పడలేదు, మనిషీ పడలేదు.