వీడ్కోలు కంపం

ఆ రోజు మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. ఎనిమిదింటికి డ్రమ్ముకి కాగితం చుట్టడం, పదకొండింటికి ఆ కాగితం విప్పి చంకన పెట్టుకోవడం, ఇంటికెళ్ళి భార్యతో కలిసి భోంచేయడం. ముప్పై రెండేళ్ళ ఉద్యోగం అంతటితో సరి. మధ్యాహ్నం డ్రమ్మును పాత ఇనుప సామాను బండి ఎక్కిస్తారు. ఆ బండి వచ్చేలోగా అక్కణ్ణుంచి వెళ్ళిపోవాలన్నదే ఆయన అసలు పథకం. కళ్ళారా చూడలేరు.

మాస్టారంటే బడి పంతులు కాదు. భూకంపాల కార్యాలయంలో నేలమాళిగ ఆయన రాజ్యం. అక్కడ రాతి దిమ్మె మీద ఇత్తడి డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటుంది. భూమి ఎక్కడ కదిలినా సిరాముల్లు కాగితం మీద వణుకుతుంది. ఆ వణుకు చదవడంలో ఆయన్ని మించినవారు లేరు గనక అందరికీ మాస్టారయ్యారు. ఇప్పుడు అదే దిమ్మె మీద అరచేయంత కొత్త పెట్టె కూర్చుంది. పట్టిన ప్రతి కంపాన్నీ అది తనంతట తనే హెడ్డాఫీసుకి చేరవేస్తుంది. దానికి కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు, మాస్టారు అసలే అక్కర్లేదు.

ఆ కార్యాలయంలో ఒక ఆచారం ఉండేది. ఎవరు రిటైరైనా మిగతావాళ్ళంతా నేలమాళిగలోకి దిగి, సర్వీసు తక్కువైనవాళ్ళు ముందు, ఎక్కువైనవాళ్ళు వెనకగా వరసలో నిలబడి, తలా ఒకసారి కాలితో నేలను బలంగా తన్నేవారు. ముల్లు ఆ అడుగులన్నీ రాసిపెట్టేది. ఆ కాగితమే వీడ్కోలు కానుక. నకళ్ళు బీరువాలో భద్రం. చనిపోయిన స్నేహితుల అడుగులు అందులో ఎన్నో ఉన్నాయి. పని లేని మధ్యాహ్నాల్లో మాస్టారు వాటిని విప్పి చూసుకుని, ఎవరూ లేకుండా చూసి కళ్ళు తుడుచుకునేవారు.

కొత్త పెట్టె మర్నాటి నుంచి పనిచేస్తుందని అందరూ అనుకున్నారు. ఒక రోజు ముందే మొదలవుతుందని ఫైల్లో ఉంది. ఆ ఫైలు ఎవరూ చదవలేదు. అడుగుల ఆచారం ఏ ఫైల్లోనూ లేదు, కాబట్టి పెట్టెను బిగించినవాళ్ళకూ తెలియదు.

"వదినగారూ, మీరూ రండి. ఇన్నేళ్ళూ ఈయన్ని మాకే వదిలేశారు, మీ అడుగు లేకపోతే ఎలా?" అంది టైపిస్టక్కయ్య, మాస్టారిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన ఆయన భార్యతో.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చానండీ," అంటూనే ఆవిడ వరసలో నిలబడింది.

కొత్తగా బదిలీ మీద వచ్చిన డైరెక్టరు అందరికంటే ముందు, బూటు అరిగిపోతుందేమో అన్నట్టు, మెల్లగా తట్టారు. చివర్లో టైపిస్టక్కయ్య. సర్వీసుతో పాటు ఒళ్ళూ పెరుగుతుంది గదా, మొత్తం ఎనిమిది అడుగులూ ఒకదాన్ని మించి ఒకటి పడ్డాయి.

డైరెక్టరు పై అంతస్తుకి చేరేసరికి హెడ్డాఫీసు నుంచి ఫోను. "సార్, సరిగ్గా మీ కిందే ఎనిమిది కంపాలు! వరసగా పెరుగుతున్నాయి!"

ఊరవతల బోడికొండ ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం. అది మళ్ళీ రాజుకుంటే బూడిద సూర్యుణ్ణి కప్పేసి, పంటలు పోయి, మనుషుల జాతే మిగలదని డైరెక్టరు మూడు వందల పేజీల నివేదిక రాశారు. టైపు చేసిన టైపిస్టక్కయ్య తప్ప దాన్ని చదివిన నాథుడు లేడు. ఇక ఆ క్షణంలో ఆయనకి తన బూటు గుర్తొస్తుందా?

"నేను చెప్తూనే ఉన్నాను! అందరూ బయటికి పరిగెత్తండి!" అని అరిచారు.

పై అంతస్తుల్లోని మిగతా ఆఫీసులతో సహా అయిదంతస్తుల జనం ఒక్కసారిగా మెట్లు దిగారు. పెట్టె దాన్ని రెండో ప్రమాద సూచిక అంది. నాలుగు ఫైరింజన్లు వచ్చి వాకిట్లో ఆగాయి. మూడో సూచిక. టీవీలో ఒకామె మానవజాతికి మిగిలిన రోజులు లెక్కగడుతోంది. వీధి వీధంతా దుప్పట్లు, పిల్లులు, కుక్కర్లు ఎత్తుకుని రోడ్డెక్కింది.

మాస్టారు మాత్రం వెనక్కి తిరిగి లోపలికి నడిచారు.

"ఏమండీ! లోకం మునిగిపోతుంటే ఆ కాగితం ఏం చేసుకుంటారు?" అని కేకేసింది భార్య.

"మునిగితే మునగనీ. వాళ్ళందరి అడుగులూ ఉన్నాయే అందులో!"

సిరా ఆరని కాగితంతో బయటికొచ్చి, దాన్ని ఫైరింజను ముందు రేకు మీద పరిచారు. ఒక్కసారి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు.

"సార్, ఇలా రండి. ఈ చివరిది టైపిస్టక్కయ్య. మోకాలి నొప్పి, అందుకే రెండు దెబ్బలుగా పడింది. ఇది మా ఆవిడ, పాల కంగారు. ఇదంతా మీరు మెట్లు దిగడం. ఇదిగో, ఈ ఫైరింజన్లు."

"మరి ఈ మొదటిది?" అన్నారు డైరెక్టరు.

"అది తమరే."

డైరెక్టరు తన బూటు వంక చాలాసేపు చూసుకున్నారు. సంగతంతా విన్న హెడ్డాఫీసు పెద్దాయన ఫోనులో ఒకటే అన్నారు. "పెట్టె కంపాన్ని పట్టింది గానీ కాళ్ళను పట్టలేకపోయింది. డ్రమ్మును కదపకండి. మాస్టారిని ఇంకో రెండేళ్ళు ఉండమనండి." పాత ఇనుప సామాను బండి ఖాళీగా వెళ్ళిపోయింది. మాస్టారు దాన్ని వీధి మలుపు దాకా కళ్ళారా చూశారు.

"ఇవాళ్టి నుంచి కలిసి తిందామన్నారు," అంది భార్య.

"కారియరు కిందికి తెచ్చెయ్. డ్రమ్ము పక్కనే కూర్చుని తిందాం," అన్నారు మాస్టారు. ఆవిడ నవ్వింది. పాలు ఎలాగూ పొంగిపోయే ఉంటాయి.

మర్నాడు ఎనిమిదింటికి మాస్టారు యథాప్రకారం కాగితం మార్చారు. 'ఇచట నేలను తన్నరాదు' అని డైరెక్టరు స్వయంగా ఒక బోర్డు రాయించి, నేలమాళిగ గోడకు దగ్గరుండి మేకులు కొట్టించారు.

పావుగంటలో ఫైరింజన్లు వచ్చాయి.