నిలబడ్డకాడ తాగే బండి

దసరా సెలవులు ముగియడానికి ఇంకా ఆరు రోజులు ఉందనగా, ఆ మంగళవారం పొద్దున అరుణజ్యోతి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగాలి, కొత్త కారును తడిగుడ్డతో తుడవాలి, తరవాత నీడన కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాలి. ఈ మూడింటిలో ఆమె పూర్తి చేయగలిగింది టీ ఒక్కటే.

ఆమె ఉండేది నారాయణఖేడ్‌లో, పాఠాలు చెప్పేది నాగల్‌గిద్దలో. పోనూ రానూ దాదాపు యాభై కిలోమీటర్లు. ఎనిమిదేళ్లుగా పక్కింటి బసవరాజ్ నడిపే డీజిల్ జీపులోనే పోయి వచ్చేది. పద్నాలుగు మంది ఎక్కితే తప్ప ఆ జీపు కదలదు. పదమూడు మంది ఎక్కాక కూడా బసవరాజ్ బీడీ ముట్టించి, పద్నాలుగో మనిషి ఏ సందులోంచి వస్తాడా అని తీరిగ్గా చూసేవాడు. ఆమె బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయి, హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఎర్ర గీత పడి ఉండేది. ఎనిమిదేళ్ల గీతలకు విసిగి, యాభై ఏళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుని, ఈ సెలవుల్లోనే బ్యాటరీ కారు కొనుక్కుంది. కొన్న రోజే జీపు అడ్డా దగ్గర నిలబడి, ఇక ఈ జన్మలో బసవరాజ్ జీపు ఎక్కనని అందరి ముందూ చెప్పి వచ్చింది.

ఆ మంగళవారం ఆమె తడిగుడ్డ తీసుకుని బయటికి వచ్చేసరికి బసవరాజ్ ప్రహరీ గోడ మీద మోచేతులు ఆనించి కారును చూస్తున్నాడు. చూపులో జాలి ఉంది. ఆమెకు ఒళ్లు మండింది ఆ జాలికే.

"అవు టీచరమ్మా, బండి మంచిగనే ఉన్నది. గని గీ బ్యాటరీ బండ్లు నడిస్తెనే కాదు, నిలబడ్డకాడ గూడ తాగుతయట. సోమవారం దాంక ఊకె నిలబెట్టు, సూద్దాం. మళ్ల నా జీపే గతి నీకు."

"నేను కరెంటు పాఠం చెప్పవట్టి ఇరవై ఆరేండ్లాయె బసవన్నా," అంది అరుణజ్యోతి. "స్విచ్చి బంద్ వెట్టినంక కరెంటు యాడికి పోతది?"

మాట మీద మాట పెరిగింది. ఐదు నిమిషాల్లో పందెం కుదిరింది. కారులో ఎనభై శాతం ఛార్జింగు ఉంది. సోమవారం బడి తెరిచేదాకా కారు కదలకూడదు, ఛార్జింగు పెట్టకూడదు. సోమవారం అదే ఛార్జింగుతో నాగల్‌గిద్ద పోయి ఇంటికి తిరిగి రావాలి. బసవరాజ్ ఆ రోజు జీపు ఇంటి దగ్గర వదిలి ఆమె పక్క సీట్లో సాక్షిగా కూర్చుని పోయి రావాలి. కారు తిరిగొస్తే పందెం ఆమెది. కారు మొరాయిస్తే, ఆమె మాట వెనక్కి తీసుకుని జీపు వెనక బల్ల మీద కూర్చోవాలి. దొంగాట జరగకుండా ఛార్జింగు కేబులు బసవరాజ్ భార్య శివమ్మకు అప్పగించారు. శివమ్మ న్యాయంగా ఉండే మనిషి. ఆమె కేబులును బియ్యం డబ్బాలో దాచింది.

బుధవారం పొద్దున లేస్తూనే అరుణజ్యోతి ఫోన్‌లో చూసింది. కారు ఎక్కడున్నా ఎంత ఛార్జింగు ఉందో ఫోన్‌లో కనిపిస్తుంది. డెబ్బై మూడు అని ఉంది. అంకె తప్పు పడిందనుకుని మళ్లీ చూసింది. పళ్లు తోముకుని చూసింది, ఉప్మా పోపు వేస్తూ చూసింది. ఒక్కో పేపరు దిద్దాక ఒకసారి చొప్పున చూసింది. సాయంత్రానికి అరవై ఎనిమిది. కదలని కారులోంచి కరెంటు ఎటు పోతుందో ఇరవై ఆరేళ్ల పాఠంలో ఎక్కడా లేదు.

మరి అది తనంతట తాను తగ్గకపోతే, ఎవరో తగ్గిస్తున్నారన్న మాట. కారు అమ్మినతను అప్పట్లో ఒక కాపలా ఏర్పాటు చూపించాడు. దాన్ని ఆన్ చేస్తే, కారు దగ్గరికి ఎవరు వచ్చినా నాలుగు వైపులా కెమెరాలు మేలుకుని బొమ్మ తీసి ఫోన్‌కు పంపుతాయి. ఆమె దాన్ని ఆన్ చేసి, ఇక ఎవరొస్తారో రండి అనుకుంది.

అందరూ వచ్చారు. బసవరాజ్ ఆమెను అడిగి అడ్డా మీద అంకె చెప్పినప్పటి నుంచి, కందుల ధర అడిగినట్టు జనం కారు శాతం అడగసాగారు. విన్నవాళ్లు ఊరుకోక చూడటానికి వచ్చారు. సిర్గాపూర్ నుంచి ఎరువుల కోసం వచ్చిన రైతులు సంచులు దింపి మరీ కారు చుట్టూ తిరిగారు. ఒకతను అద్దానికి చెవి ఆనించి, లోపల ఏదో గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తోందని ప్రకటించాడు. వచ్చిన ప్రతి మనిషికీ కెమెరాలు మేలుకున్నాయి. గురువారం సాయంత్రానికి యాభై ఐదయింది. తగ్గిన కొద్దీ జనం పెరిగారు.

అరుణజ్యోతి భర్త సుభాష్‌కు బజారులో విత్తనాల దుకాణం ఉంది. నోట్లోంచి మాట రాని మనిషి, భార్య మీద ప్రాణం. వేడికి బ్యాటరీలు పాడవుతాయని ఎవరో చెబితే, పందెం కుదిరిన రోజు నుంచే ఆమెకు చెప్పకుండా తన ఫోన్‌లోంచి కారులో ఏసీ వేయడం మొదలుపెట్టాడు. ఎండెక్కిన ప్రతిసారీ దుకాణంలో కూర్చునే, ఖాళీ కారుకు పావుగంట చల్లగాలి పంపి తృప్తిగా నిట్టూర్చేవాడు. హైదరాబాదులో ఉండే ఆమె చెల్లెలు సంతోషి ఫోన్‌లోనూ కారు కనిపిస్తుంది, ఎందుకంటే కొన్నప్పుడు అదంతా అమర్చి పెట్టింది ఆమే. అక్క పరువు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి సంతోషి మెట్రోలో ప్రతి స్టేషనుకూ ఒకసారి చూసేది.

శుక్రవారం మధ్యాహ్నం సంతోషి ఆదరాబాదరాగా ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి కారు కిందికి వంగి నల్లటి తీగ లాగుతోందని, కెమెరాలో వీపు ఒక్కటే కనిపిస్తోందని చెప్పింది. అరుణజ్యోతి చేతిలో ఎర్ర పెన్నుతోనే బయటికి ఉరికింది. అప్పటికే అక్కడ పదిహేను మంది దాకా ఉన్నారు. కారు కింద సగం దూరి ఉన్నది శివమ్మ.

"అక్కా, కారు కింద ఏం తీగ గుంజుతున్నవ్?" అని అందరి ముందూ అడిగేసింది.

శివమ్మ జవాబు చెప్పకుండా ఇంకాస్త బలంగా లాగింది. తీగ చివర మేక వచ్చింది. ఎండకు కారు నీడన పడుకున్న తన మేకను, అది ఏ వైరునైనా కొరుకుతుందేమోనన్న భయంతో ఆమె మెడతాడు పట్టి బయటికి లాగుతోంది. మేక లేచి ఒళ్లు దులుపుకుంది. శివమ్మ కూడా లేచి చీర దులుపుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పదేండ్ల సంది పక్కింట్ల ఉన్న. నీ బండికి ఏం గావొద్దని వంగితి. దొంగ లెక్క కనవడ్డనా నీకు?"

ఆ మాటతో పందెం, శాతం అన్నీ అరుణజ్యోతి తలలోంచి పోయాయి. కానీ క్షమించమని అడగడానికి నోరు తెరిచేలోపే శివమ్మ ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. గంట తిరక్కుండా సంచి సర్దుకుని తల్లిగారి ఊరు బోరంచకు బస్సెక్కింది. న్యాయంగా ఉండే మనిషి కాబట్టి, తన మీద ఇంకో నింద పడకుండా కేబులును కూడా సంచిలోనే పెట్టుకుపోయింది.

ఆ రాత్రి నలభై మూడు. శనివారం ముప్పై ఒకటి. పందెం మానుకోమని సుభాష్ మెల్లగా చెప్పి చూశాడు. ఎక్కడైనా ఇంకో కేబులు తెస్తానన్నాడు. ఆమె వినలేదు. ఓడిపోతే కారు ఓడిపోవాలి గానీ తాను మాట తప్పి గెలవనని చెప్పింది. అయినా ఆమెను కుదురుగా ఉండనివ్వనిది ఆ అంకె కాదు, శివమ్మ చీర దులుపుకున్న తీరు.

ఆదివారం మధ్యాహ్నం ఇరవై ఒకటికి వచ్చింది. గేటు బయట జనం, జనం మధ్యలో బసవరాజ్, ఆరిపోతున్న దీపాన్ని చూపించినట్టు కారును చూపిస్తున్నాడు. చేసేదేమీ లేక అరుణజ్యోతి కారుతో ఇచ్చిన పుస్తకం తీసింది. పాఠం చదవకుండా పరీక్షకు వస్తారని పిల్లలను తిట్టే ఆమె, అప్పటిదాకా ఆ పుస్తకం అట్ట కూడా తిప్పలేదు. నూట పన్నెండో పేజీలో అంతా ఉంది. నిలిపిన కారు నిద్రపోతుందట. నిద్రలో చుక్క చుక్కగా తప్ప ఖర్చు ఉండదట. ఫోన్‌లోంచి చూసినప్పుడల్లా మేలుకుంటుందట, మేలుకున్నాక మళ్లీ నిద్ర పట్టడానికి చాలాసేపు పడుతుందట. కాపలా కెమెరాలు ఆన్‌లో ఉంటే అసలు నిద్రే లేదట.

ఆమె ఆ పేజీని మూడుసార్లు చదివింది. తరవాత సుభాష్‌ను పిలిచి, నువ్వేమన్నా చేశావా అని అడిగింది. అతను తలవంచుకుని ఏసీ సంగతి ఒప్పుకున్నాడు. సంతోషి స్టేషన్ల సంగతి ఒప్పుకుంది. అరుణజ్యోతి తన సంగతి తానే ఒప్పుకుంది. కారును దొంగలెవరూ తాగలేదు. ఆత్రంతో తామే ఐదు రోజులు దానికి కునుకు పట్టనివ్వలేదు. కెమెరాలు ఆపేసింది. ముగ్గురి ఫోన్లలోంచీ కారును తీసేయించింది. సాయంత్రం బసవరాజ్ గోడ మీదుగా ఎంతయిందని అడిగితే, తెలియదని చెప్పింది.

"తెల్వదంటే ఎట్ల?"

"పొద్దుగాల తెలుస్తది. పండుకోనియ్యి దాన్ని."

చీకటి పడుతుండగా శివమ్మ బస్సు దిగింది. అరుణజ్యోతి వీధి మలుపు దాకా ఎదురు వెళ్లి, సంచి తాను అందుకుని, మొన్న ఎంతమంది ముందు అడిగిందో అంతమంది ముందే తప్పు తనదని చెప్పింది. జనం చెదిరిపోయారు. తరవాత శివమ్మ ఆమె చేతిలోని సంచిలోంచి కేబులు తీసి పట్టుకుంది.

"మా ఆయన గెలిస్తె ఏడాది దాంక చెప్పుకుంట తిరుగుతడు. నాకు వినే ఓపిక లేదు. పెట్టుకో టీచరమ్మా, నేను సూడలేదనుకుంట."

అరుణజ్యోతికి చెయ్యి చాచాలనే అనిపించింది. చాచలేదు. "నీ దగ్గర్నే ఉండనీ అక్కా. ఉన్నదాంతోనే పోత," అంది.

సోమవారం పొద్దున కారు తలుపు తెరిచి ఆమె ముందు అంకె చూసింది. ఇరవై. ఆదివారం మధ్యాహ్నం నుంచి తగ్గింది ఒక్కటే. యాభై ఆరు కిలోమీటర్లు పోతుందని కారు చెబుతోంది. పోవాల్సింది యాభై. బసవరాజ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో తువాలుతో, మధ్యలో నడుచుకుంటూ రావాల్సి వస్తుందని చెప్పులకు బదులు బూట్లు తొడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఏసీ లేదు, పాటలు లేవు. వెనక నుంచి ట్రాక్టరు హారన్ కొట్టి దాటిపోయింది. అరుణజ్యోతి చలించలేదు. కంది చేల మధ్య రోడ్డు మీద పెళ్లి ఊరేగింపంత నెమ్మదిగా నడిపి, ప్రార్థన గంట కొట్టకముందే బడి గేటు లోపల కారు ఆపింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి హాజరు పుస్తకంలో సమయానికి సంతకం పెట్టింది. పదకొండు మిగిలింది.

అసలు కథ ఆ తరవాతే జరిగింది. మొదటి పీరియడు అయ్యేసరికి నాగల్‌గిద్ద జనానికి వార్త అందింది. ఒక్కొక్కరే గేటు దాటి కారు దగ్గరికి రాసాగారు. బసవరాజ్ వేపచెట్టు కింద కూర్చుని కాసేపు సంతోషంగానే చూశాడు. అప్పుడు అతని బుర్రలో ఒక లెక్క తిరిగింది. నాగల్‌గిద్ద రూటులో ఆ వేళ నడిచే జీపు తనదొక్కటే, అది నారాయణఖేడ్‌లో ఇంటి ముందు ఉంది. సాయంత్రం ఈ కారు కదలకపోతే బూట్లున్నా సరే ఇరవై ఐదు కిలోమీటర్లు తాను నడవలేడు.

నాలుగో పీరియడులో అరుణజ్యోతి కిటికీలోంచి చూస్తే, బసవరాజ్ చేతిలో వేపమండ పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ జనాన్ని తరుముతున్నాడు. వెనక కెమెరా మీద తన తువాలు కప్పాడు. కెమెరాలు ఆపేశానని చెప్పినా నమ్మలేదు. తెలుగు అర్థం కాని వాళ్లకు కన్నడంలో, రెండూ పట్టించుకోని వాళ్లకు వేపమండతో చెబుతున్నాడు.

"జరుగుండ్రి. సూడొద్దు. సూస్తె తాగుతది."

మధ్యాహ్నం అన్నానికి కూడా కదల్లేదు. వంటామె పళ్లెం అక్కడికే తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అరుణజ్యోతి కన్నా అతనే ఎక్కువ జాగ్రత్తపడ్డాడు. గుంత వస్తే ముందే చెప్పాడు, ఎత్తు వస్తే ఊపిరి బిగబట్టాడు, ఆమె హారన్ కొట్టబోతే తల బయటికి పెట్టి తానే అరిచి గేదెలను పక్కకు తోలాడు. నారాయణఖేడ్ పొలిమేరలో మూడు, బజారులో రెండు. ఇంటి ముందు వీధి వీధంతా నిలబడి ఉండగా, ఒక్క శాతంతో కారు గేటు లోపలికి వెళ్లి తన చోట తాను ఆగింది.

శివమ్మ కేబులు పట్టుకుని ఎదురు వచ్చింది. బసవరాజ్ ఆమె చేతిలోంచి అది లాక్కుని, తానే తగిలించి, దీపం వెలిగిందో లేదో వంగి చూసుకున్నాడు. తరవాత జనం వైపు తిరిగి, పొద్దంతా తాను కావలి ఉండబట్టే బండి వచ్చిందని, లేకపోతే నాగల్‌గిద్దలోనే పండుకునేదని గట్టిగా చెప్పి, తువాలు దులిపి భుజాన వేసుకుని, గోడ అవతల తన ఇంటికి పోయాడు.

పందెం ఓడిన మనిషి అంత సంబరంగా ఇంటికి పోవడం ఆ వీధి అదివరకు చూడలేదు.