శుక్రవారం దాకా బురద

"వరదలో మునిగిన ప్రతి పనిముట్టునూ యుద్ధప్రాతిపదికన మెరిపిస్తాం" అని మండల నాయకుడు కరుణాకరం మైకులో ప్రకటించే సమయానికి, తర్లుపాడు మోటారు మెకానిక్ ఆదిశేషు తన పనిముట్లన్నీ మెరిపించేసి కూర్చున్నాడు. అతను చేసిన తప్పు అదొక్కటే.

మూడు రోజులు పానాలనూ పుల్లర్లనూ కిరసనాయిలులో నానబెట్టి, గరుకు కాగితంతో తుప్పు వదిలేదాకా రుద్ది, ఎండలో ఆరబెట్టి నూనె పూశాడు. ఊరి మంచినీళ్ల ట్యాంకు మోటారు కూడా వరదలో మునిగి అతని షాపుకే వచ్చింది. దాన్ని విప్పి ఆరబెట్టాడు, ఇక బిగించడమే మిగిలింది. ఎదురింటి రోశమ్మ రోజూ ఖాళీ బిందె తెచ్చి చూపించి పోతోంది.

ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చిన కరుణాకరం, తళతళలాడే పానాలను చూసి దిగాలుపడ్డాడు.

"ఏంది ఆదిశేషూ, ఇట్ల చేసినావు? శుక్రవారం మంత్రిగారొచ్చి వీటిని తుడవాల. నువ్వే తుడిచేస్తే ఆయనేం తుడవాల?"

"ట్యాంకు మోటారు బిగించాల గదన్నా. సాయంత్రానికి ఊరికి నీళ్లొస్తాయి."

"నాలుగు రోజులు ఓర్చుకోలేరా జనం? ప్రభుత్వం ఓర్చుకోవడంలా?"

కరుణాకరం ముందుచూపు అసామాన్యం. ఊళ్లో బురద అప్పటికే ఎండిపోయింది కనుక వాగు నుంచి ఒక ట్రాక్టరు బురద తెప్పించాడు. పనిముట్లన్నీ అందులో వేయించి, ఎవరూ కడగకుండా కానిస్టేబుల్‌ని కాపలా పెట్టించాడు. చూడ్డానికి సహజంగా ఉండాలని ఒక నత్తగుల్లను కూడా వెతికించి పైన పెట్టాడు. ఆదిశేషుకు కడుపు మండిపోయింది గానీ, బురద బాగా కుదిరిందని మనసులో ఒప్పుకున్నాడు.

"మోటారు ఏమైంది అబ్బాయ్?" అని అడిగింది రోశమ్మ.

"పానాలు బందోబస్తులో ఉండాయత్తా."

శుక్రవారం మంత్రిగారు వేంచేశారు. చేతులు మోచేతుల దాకా బురదలో ముంచి, పద్నాలుగో నంబరు పానా ఒకటి పైకి తీసి, తెల్ల తువ్వాలుతో తుడిచి జనానికి చూపించారు. చప్పట్లు మోగాయి. ఆ తర్వాత చేతులు కడుక్కుందామని పక్కనున్న కుళాయి తిప్పారు. కుళాయి గాలి ఊదింది.

ఆదిశేషు చేయి చాచాడు. "ఆ పానా ఇట్లియ్యండి సార్, సాయంత్రానికల్లా నీళ్లు తెప్పిస్తా."

కరుణాకరం అడ్డం వచ్చాడు. "తొందరపడబాక. మోటారు ప్రారంభోత్సవం వచ్చే శుక్రవారం పెట్టినాం. దానికీ సారే వచ్చి స్విచ్చి వేస్తారు."

మంత్రిగారు బురద చేతులు ముందుకు చాపుకుని అలాగే నిలబడిపోయారు. కుళాయి దగ్గర బిందెతో నిలబడిన రోశమ్మ కాస్త జరిగి, ఖాళీ బిందెల వరసలో ఆయనకు చోటిచ్చింది.